ఫిర్యాదునకు పొలిమేర యేల?

(కోదాడలో చదువరుల సమావేశమున చదువబడిన ఉపన్యాసము)

మన యూరిగుండ సాగు పెద్దబాటను ఎరుగనివారు ఈ గదిలో లేరు. ఆ బాటపై తూర్పుగా పోయినచో రామాపురము అడ్డరోడ్డు, దానిని దాటినంతనే ఆంధ్రప్రదేశమునకు చెందిన గరికపాడు, ఆపైన జగ్గయ్యపేట. పడమరగా పోయినచో మునగాల, సూర్యాపేట. ఈ కొద్దిదూరములోనే మన తాతల కాలమున ఎన్నిమారులు ప్రభుత్వము మారెడిదో చెప్పినచో నేటి యువకులు నమ్మరు. జగ్గయ్యపేట ఆంగ్లేయుల కృష్ణాజిల్లాలోనిది. కోదాడ నైజామువారి నల్లగొండ జిల్లాలోనిది. మునగాల పరగణా మరల ఆంగ్లేయుల కృష్ణాజిల్లాకే చెందియుండి, నలువైపుల నైజాము నేలచే చుట్టబడి ద్వీపమువలె నుండెడిది. సూర్యాపేట మరల నైజాముది. బండి తోలుకొని జగ్గయ్యపేటనుండి సూర్యాపేటకు పోవు వర్తకుడు ఒక్క పయనములో మూడు పొలిమేరలు దాటెడివాడు. సంచిలో హాలీ సిక్కాను, కల్దారును రెంటిని ఉంచుకొనెడివాడు.

ఆ పొలిమేరలు ఎవరికి ఉపకరించెను? నైజాములో పలుకరాని మాటను మునగాలలో పలుకగలిగిన దేశభక్తులకు కొంత ఉపకరించిన మాట నిజమే; అది వేరొక కథ, మరియొకనాడు చెప్పుకొందము. కాని నిత్యజీవనములో వాటివలన మేలుపొందినవాడు మోసగాడు. ఈ ప్రక్క అప్పు ఎగవేసి ఆ ప్రక్కకు, ఆ ప్రక్క పశువులను తోలి ఈ ప్రక్కకు చేరినవానిని వెంటనే పట్టుటకు ఠాణావానికి అధికారము లేదు. ఉత్తరములు పైకి పోవలెను; రెసిడెన్సీ గడప తొక్కవలెను; మరల క్రిందికి రావలెను. అంతలో దొంగకు మనుమలు పుట్టెడివారు.

1948లో నైజాము పాలన పోయినది. 1956 నవంబరు 1వ తేదీన ఏటికి ఇరువైపులవారము ఒక్క రాష్ట్రమైతిమి. 2014 జూన్ 2వ తేదీన మరల రెండైతిమి. రెండగుట మన కోరికయే. అందులకు నేను చింతించుట లేదు. అయినను రాష్ట్రములు రెండైనచో ఠాణా పుస్తకములు కూడ రెండై, ఒకదాని మొగము ఒకటి చూడకుండవలెనా? ఇదియే నేటి నా ప్రశ్న.

ఒక సంగతి చెప్పెదను. మన బజారులోని ఒక పెద్దమనిషి, పేరు చెప్పను, ఫోనులో ప్రకటన చూచి పొలమునకు మందు కొట్టు యంత్రమొకటి కావలెనని 3,400 రూపాయలు పంపిరి. యంత్రము రాలేదు. ఆ నంబరు మ్రోగును, ఎవరును ఎత్తరు. ఒక ఠాణాకు పోయిరి, ఎక్కడిదో అడుగకుడు. అచ్చటివారు, డబ్బు చేరిన ఖాతా ఈ రాష్ట్రములో లేదనియు, మొత్తమా చిన్నదనియు, వీలైనపుడు రమ్మనియు సెలవిచ్చిరి. ఆయన ఇంటికి వచ్చి, పీడపోయినదని నోరు మూసికొనిరి. మూడు నెలల తరువాత మిర్యాలగూడెములో ఒక పెండ్లికి పోయినపుడు ఆయన వియ్యంకుడు ఇదే యంత్రము, ఇదే నంబరు, ఇదే కథ చెప్పెను. అదే పందిరిలో జగ్గయ్యపేటనుండి వచ్చిన ఒక మిర్చి వర్తకుడు నవ్వి, తనకును అదే గతి పట్టినదనెను. ముగ్గురిలో ఏ ఒక్కరి మాటయు ఏ పుస్తకములోను ఎక్కలేదు.

మహాశయులారా, ఈ ముగ్గురిలో ఒక్కొక్కరి నష్టము చిన్నది. ముగ్గురిని కలిపినను చిన్నదియే. కాని ఆ మోసగాడు ముగ్గురితోనే ఆగెనా? తాను చేయు పాపమును వేయి ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క ఠాణా పరిధిలో పడవేయుటయే వాని విద్య. ఏ ముక్కయు ఒక అధికారి కదలుటకు తగినంత పెద్దది కాదు. కావున చిన్న ఫిర్యాదును చిన్నదని త్రోసివేసిన అధికారి తెలియకయే వానికి సాయపడుచున్నాడు. సిగ్గుపడి ఫిర్యాదు చేయని మనమును అంతే.

ఇక ప్రభుత్వము ఏమియు చేయలేదా యన్నచో, చేసినది. 2019 ఆగస్టులో కేంద్ర హోంశాఖవారు జాతీయ సైబరు నేర ఫిర్యాదుల పోర్టలును తెరచిరి. ఢిల్లీలోని భారత సైబరు నేర సమన్వయ కేంద్రము 2020 జనవరిలో ప్రారంభింపబడినది. 2021లో ధనము పోయినవారికై ఫోను నంబరు నొకదానిని పెట్టిరి. అది మొదట 155260, మరుసటి యేడు 1930 అయినది. ఇది పనిచేయు విధము అందరును తెలిసికొనదగినది. మీరు 1930కు ఫోను చేసి, ఏ ఖాతానుండి ఎంత ధనము ఎప్పుడు పోయినదో చెప్పుదురు. ఆ సమాచారము తక్షణమే ధనము చేరిన బ్యాంకువారి ఎదుట కనబడును. ధనమింకను అచ్చటనే యున్నచో దానిని కదలకుండ పట్టుదురు. వేరొక బ్యాంకునకు పోయియున్నచో ఆ బ్యాంకునకు తెలుపుదురు. అచ్చటినుండి మరియొకదానికి పోయినచో దానికిని. మోసగాడు ధనమును ఒక ఖాతాలో నిలువనీయడు. అద్దెకు తీసికొన్న పేదవారి ఖాతాలలోనికి ముక్కలుగా పంచి, ఎక్కడనో యంత్రమునుండి తీయించును. కావున ఇది పరుగుపందెము. మొదటి గంటలో చేసిన ఫిర్యాదునకును, మూడు దినములు సిగ్గుతో కుమిలి చేసిన ఫిర్యాదునకును భూమ్యాకాశముల భేదము కలదు.

మన రాష్ట్రములో 2023లో తెలంగాణ సైబరు భద్రతా బ్యూరో ఏర్పడినది. రాష్ట్రముల పోలీసులు కలిసి కూర్చుండి పనిచేయుటకై దేశములో ఏడు సంయుక్త సమన్వయ బృందములను నియమింపగా, అందు రెండు తెలుగు నగరములకే వచ్చినవి: హైదరాబాదునకు ఒకటి, విశాఖపట్టణమునకు ఒకటి. నేరమునకు వాడబడు ఫోనులు ఏ తావున మ్రోగుచున్నవో పటముపై చూపు ‘ప్రతిబింబ్’ అను ఏర్పాటు కలదు. 2024 సెప్టెంబరులో అనుమానితుల పట్టిక నొకదానిని బ్యాంకులకును రాష్ట్రములకును అందుబాటులోనికి తెచ్చిరి. 2024 జూలై 1నుండి అమలైన నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచారమీయవచ్చును. ‘ఇది మా సరిహద్దు కాదు’ అనుటకు అధికారికి ఇపుడు శాసనము చోటీయదు. మన పెద్దమనిషి ఈ సెక్షను సంఖ్యను ఒక చీటీపై వ్రాసికొని పోయినచో బాగుండెడిది.

ఇంత ఏర్పాటున్నను సంగతి ఎట్లున్నది? పార్లమెంటులో ప్రభుత్వము చెప్పిన లెక్క వినుడు. 2023లో దేశ ప్రజలు ఇట్టి మోసములలో పోగొట్టుకొన్నట్లు ఫిర్యాదు చేసిన ధనము 7,465 కోట్ల రూపాయలు. 2024లో 22,845 కోట్లు. ఒక్క యేటిలో మూడింతలు! ఈ లెక్క ఫిర్యాదు చేసినవారిది మాత్రమే. మన పెద్దమనిషియు, ఆయన వియ్యంకుడును, మిర్చి వర్తకుడును ఇందులో లేరు.

ఫిర్యాదులను ఒకచోట చేర్చుట క్రొత్త యోచన కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషనువారు 1997నుండి ‘కన్స్యూమర్ సెంటినెల్’ అను పేర కొనుగోలుదారుల ఫిర్యాదులను ఒక్కచోట నిలువచేసి, ఆ దేశములోని చిన్న ఊరి పోలీసు మొదలు కేంద్రాధికారి వరకు, అర్హతగల విదేశాధికారులకు సైతము చూచుకొన వీలుకల్పించిరి. ఆ కమిషనువారు ఒక్కొక్కని తగవును తీర్చరు. నీ ధనము నీకు తెచ్చిపెట్టెదమని మాట యీయరు. వారి దృష్టి గుంపుగా చేరిన ఫిర్యాదులలో కనబడు ఆనవాలుపై. ఈ విషయమున మన 1930 మేలు. అది ధనమును పట్టుటకు ప్రయత్నించును. కాని వారియొద్ద మనము నేర్వవలసినది ఒకటి కలదు: ఫిర్యాదు ఏ తలుపుగుండ లోనికి వచ్చినను ఒకే కొట్టులో చేరవలెను.

మనకో, తలుపులు అనేకము. వస్తువు రాలేదా, వినియోగదారుల శాఖవారి 1915. ధనము మోసపోయితివా, హోంశాఖవారి 1930. అనుమానాస్పదమైన ఫోను వచ్చినదా, టెలికాము శాఖవారి ‘చక్షు’. బ్యాంకు తప్పా, రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మను. విత్తనములు నకిలీవా, వ్యవసాయ శాఖ. పొలమునకు మందుకొట్టు యంత్రమునకై డబ్బు పంపి మోసపోయినవాడు ఈ అయిదింటిలో ఏ గడప యెక్కవలెను? అతడు వినియోగదారుడే, మోసపోయినవాడే, రైతే. ఏ గడపలోనైన ఒక్కసారి చెప్పినచో తక్కిన గడపలకును అది వినబడవలెను. ఆ భారమును ఏలికలు మోయవలెనే గాని, మోసపోయి వచ్చినవానిపై వేయరాదు.

ఫోనులు లేని మోసములోను ఇదియే నీతి కనబడినది. విజయవాడ కేంద్రముగా పనిచేసిన అగ్రిగోల్డు సంగతి మీ అందరికి తెలియును. ఎన్‌ఫోర్స్‌మెంటు శాఖవారి లెక్కలో సుమారు 32 లక్షల ఖాతాలు, 6,380 కోట్ల రూపాయలు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, ఒడిశా మొదలగు అనేక రాష్ట్రములలో ఇంటింటికి తిరిగి సొమ్ము సేకరించినది ఆ ఊరివారే, మన బంధువులే. కూలిపోయిన పిదప ఆ ఏజెంట్లు వీధిలో తలయెత్తుకొనలేకపోయిరి. ఏ జిల్లా కాజిల్లాలో, గడువు తీరినను సొమ్ము రాలేదను మొదటి గొణుగుడు పుట్టియేయుండును. ఆ గొణుగుళ్లన్నియు ఒక్కచోట వినబడియున్నచో, సొమ్ము కట్టుట కొన్ని నెలల ముందే ఆగియుండెడిదని నా విశ్వాసము. తరువాతనైన ఏమైనది? ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019 నవంబరులో పదివేల లోపు వారికిని, 2021 ఆగస్టులో ఇరువదివేల లోపు వారికిని తన ఖజానానుండి చెల్లించెను. వారిని అభినందింపవలసినదే. కాని ఆ చెల్లింపు వారి రాష్ట్రమువారికి. ఒకే కంపెనీ, ఒకే రశీదు, ఒకే యేడు. ఏటికి ఆవలనున్న అక్కకు సొమ్ము ముట్టినది, ఈవలనున్న చెల్లెలికి రాలేదు. మోసము చేయువానికి పొలిమేర లేదు. మోసపోయినవానికి మాత్రము ఉన్నది!

ఇంకొక సంగతి విన్నపుడు నాకు ఒళ్లు గగుర్పొడిచినది. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు ఒక వ్యవహారమును బయటపెట్టిరి. కంప్యూటరు ఉద్యోగములని చెప్పి మన తెలుగు యువకులను కాంబోడియాకు తీసికొనిపోయి, అచ్చట గదులలో నిర్బంధించి, భారతదేశములోని వారికే ఫోనులు చేసి మోసగించు పనిలో పెట్టిరి. సిహనూక్‌విల్ నగరమున వారు తిరుగబడగా లోకమునకు తెలిసినది. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దునుండి మన వైమానిక దళపు విమానములలో అయిదువందలకు పైగా భారతీయులను రెండు దినములలో తెచ్చిరి. అనగా, మన ఊరి పెద్దమ్మకు ఫోను చేసి బెదిరించినవాడు పక్క జిల్లా తల్లి కన్నబిడ్డయే కావచ్చును. ఒక ఠాణాలో ‘నా సొమ్ము పోయినది’ అని ఫిర్యాదు. మరియొక ఠాణాలో ‘నా కొడుకు విదేశమునకు పోయి పలుకుట లేదు’ అని ఫిర్యాదు. రెండును వేరువేరు బీరువాలలో నున్నంతకాలము ఒకటి సైబరు నేరము, ఒకటి మనిషి తప్పిపోవుట. ఒక్క బల్లపై పరచినచో, అవి ఒకే నేరముయొక్క రెండు చివరలని పసివానికైనను తెలియును.

ఇంతవరకు ఒక ప్రక్క చెప్పితిని. రెండవ ప్రక్క చెప్పకున్నచో ద్రోహమగును.

అధికారులు సమాచారమును పంచుకొనుట యన్నంతనే నాకు స్టూవర్టుపురము జ్ఞప్తికి వచ్చును. 1871లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టమును చేసిరి. 1911లో దానిని మద్రాసు రాజధానికి వర్తింపజేసిరి. 1913లో బాపట్లకు చేరువ ఆ పేరుతో ఒక స్థావరము నెలకొల్పి, సాల్వేషను ఆర్మీవారి చేతికప్పగించి, ఎరుకల కుటుంబములను అచ్చట నుంచిరి. పుట్టిన బిడ్డ కన్ను తెరువకముందే దొంగల పట్టికలోనివాడు. ఊరు కదలినచో చీటీ, తిరిగివచ్చినచో హాజరు. ఠాణానుండి ఠాణాకు పేర్లు వేగముగనే పోయెడివి; ఆనాటి పోలీసు సహకారములో ఏ లోపమును లేదు. లోపము పట్టికలోనున్నది. దేశము స్వతంత్రమైన పిదప 1952లో ఆ చట్టము రద్దయ్యెను. అయినను ఆ ఊరి పేరు చెప్పి పిల్లలను వెక్కిరించుట మాత్రము రద్దు కాలేదు.

(వ్రేలిముద్రల సంగతి కూడ ఇచ్చట ఒక మాట. 1897లో కలకత్తాలో నెలకొన్న వ్రేలిముద్రల కార్యాలయము లోకములో మొదటిది. ఆ ముద్రలను వర్గీకరించు పద్ధతికై శ్రమించినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇద్దరు భారతీయులు. పద్ధతికి మాత్రము హెన్రీ దొరగారి పేరు నిలిచినది. పని మనది, పేరు వారిది!)

నేటి పట్టికలో జాతి పేరు ఉండదు. ఫోను నంబరును, ఖాతా నంబరును ఉండును. అది మేలే. కాని పెద్దబాటపై టీకొట్టు పెట్టుకొన్నవానిని తలచుకొనుడు. దారిన పోవు ఎవడో ఇరువది రూపాయలు ఫోనుతో చెల్లించి పోవును. ఆ ఇరువది ఎక్కడనో మోసపు సొమ్మునుండి వచ్చినదని తేలును. వేరొక రాష్ట్రపు పోలీసులు పంపిన ఒక్క వాక్యముతో టీకొట్టువాని ఖాతా అంతయు స్తంభించును. పాలవానికి చెల్లింపలేడు, పిల్లవాని ఫీజు కట్టలేడు. బ్యాంకును అడిగినచో పోలీసులనుడు. పోలీసులను అడిగినచో, వారు వేయి మైళ్ల దూరములో నున్నారు. దేశమున ఇట్టి కష్టములు కోర్టులకెక్కినవి. 2023లో కేరళ హైకోర్టు, వివాదములోనున్న మొత్తమును మాత్రము నిలిపి తక్కినదానిని వదలవలెనని చెప్పినది. న్యాయమైన మాట. ఫిర్యాదు విద్యుద్వేగముతో పోవుచుండగా, నిర్దోషి మొర మాత్రము ఎద్దులబండిపై పోవుట యెట్టి న్యాయము?

కావున నేను కోరునది పోలీసులకు పట్టపగ్గములు లేని కన్ను కాదు. పట్టికలో ఒక నంబరు ఎక్కినచో ఎవరు, ఏ ఫిర్యాదుపై, ఏనాడు ఎక్కించిరో దాని ప్రక్కనే వ్రాయబడియుండవలెను. గడువు తీరునాటికి రుజువు లేనిచో అది తొలగవలెను. పట్టికను తెరచి చూచిన ప్రతి అధికారి పేరు నిలువయుండవలెను. లేనిచో రేపు ఎవడో తన పగవాని ఖాతాను, తన కూతురిని ప్రేమించినవాని ఫోనును వెదకుటకు దీనినే వాడును. ఖాతా నిలుపబడినవానికి అతని భాషలో, అతని ఊరి ఠాణా ద్వారానే కారణము తెలుపవలెను. ఫిర్యాదు చేసినవానికి, వాని నంబరుపై ఇంకెందరు ఫిర్యాదు చేసిరో, పేర్లు లేకుండ సంఖ్యయైన చెప్పవలెను. మిర్యాలగూడెపు వియ్యంకునికి ‘నీవు ఒంటరివి కావు’ అని తెలియుటకు పెండ్లిపందిరి వరకు ఆగవలసిన పని ఏమి? అన్నింటికంటె ముఖ్యము: పైనున్న కార్యాలయమునకు కనబడునది కోదాడ ఠాణాలోని రైటరునకును కనబడవలెను. క్రిందినుండి పైకి మాత్రమే పారు సమాచారము చెరువులో చేరిన నీరే గాని పొలమునకు పారిన నీరు కాదు.

ఈ పఠనాలయమువారిని ఒకటి వేడుకొనుచున్నాను. వార్తాపత్రికల బల్ల ప్రక్కన ఒక పుస్తకమును ఉంచుడు. అందులో ఎవరి పేర్లును, ఖాతాలును వ్రాయరాదు. ఏ తీరు మోసము జరిగినది, ఏ మాటలతో మొదలయినది, ఏ తేదీన, ఎంత సొమ్ము, 1930వారు ఇచ్చిన రశీదు సంఖ్య వచ్చినదా లేదా, ఇంతమాత్రము వ్రాయవలెను. చదువురాని రైతు వచ్చినచో కూర్చుండబెట్టి ఫోను చేయించువారు ఇద్దరైనను వంతులవారీగా ఉండవలెను. నెలకొకసారి ఆ పుటల నకలును జగ్గయ్యపేట చదువరులకును, మిర్యాలగూడెము చదువరులకును పంపుదము. వారివి మనము తెప్పించుకొందము. ఇందులకు ఏ ప్రభుత్వముయొక్క ఉత్తరువును అక్కరలేదు, రెసిడెన్సీకి వ్రాయనక్కరలేదు.

పుస్తకమును నేను కొనితెచ్చితిని. యంత్రమునకై 3,400 పోగొట్టుకొన్న పెద్దమనిషి ఈ సభలోనే యున్నారు. నాలుగు నెలలు గడచినవి గనుక సొమ్ము దొరకునని నేను ఆయనకు మాట యీయలేదు. అయినను రేపు ఉదయము పదిగంటలకు నాతో ఠాణాకు వచ్చుటకు ఒప్పుకొన్నారు. మిర్యాలగూడెమునకు ఆయనయే ఫోను చేసెదనన్నారు. మరెవరైన ఉన్నచో, సభానంతరము నన్ను కలియుడు, కలిసి పోవుదము.